ఒక మీటరు తగ్గిన నది

నది ఒడ్డు, గేజి గది
జూన్ 4

తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఫోన్‌లో నేను పది మాటలు చెబితే నువ్వు పదిసార్లు "ఊఁ" అంటావు. కాగితం మీద ఊఁ కొట్టడం కుదరదు. ఇకనుంచి నాకేమైనా చెప్పాలంటే నువ్వు కూడా కుదురుగా కూర్చుని రాయాల్సిందే.

విషయం ఏమిటంటే, నా ఉద్యోగం పోలేదు గానీ నా పని పోయింది. పొద్దున ఎనిమిదింటికీ సాయంత్రం ఐదింటికీ వంతెన మెట్లు దిగడం, స్తంభానికి బిగించిన స్కేలు మీద నీళ్ళు ఎక్కడున్నాయో చూడడం, రిజిస్టరులో రాసి పై ఆఫీసుకి పంపడం. ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్నది ఇదే. జ్వరంలో కూడా చేశాను. మీ బావ పోయిన మూడోనాడు కూడా చేశాను. ఇప్పుడు ఈ గదిని మూసేస్తున్నారట. దేశంలో అరవై ఒక్క గేజి గదులుంటే వాటిలో నలభై రెండింటికి తాళాలు పడుతున్నాయి. విజ్ఞానం మీద ఖర్చు తగ్గించుకుని వాతావరణం మీద శ్రద్ధ పెంచుతారని ఆర్డరులో ఉంది. నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ అలాగే ఉంది.

నిన్న ఇద్దరు మెకానిక్కులు వచ్చి స్తంభానికి టిఫిన్ డబ్బా అంత పెట్టె ఒకటి బిగించి వెళ్ళారు. ఇక నీటిమట్టం అదే చూసి అదే పంపుతుందట. నేను చెప్పాల్సింది చెప్పాను. పన్నెండేళ్ళ కిందట పాత వంతెన కూల్చి కొత్తది కట్టినప్పుడు స్కేలుని కొత్త స్తంభానికి మార్చారు. ఆ స్తంభం దిమ్మె ఎత్తుగా ఉండడంతో స్కేలు సున్నా పాతదాని కన్నా సరిగ్గా ఒక మీటరు పైకి వెళ్ళింది. అంటే నీళ్ళు ఉన్నచోటే ఉన్నా కొత్త స్కేలు ఒక మీటరు తక్కువ చూపిస్తుంది. అందుకే రోజూ చూసినదానికి ఒకటి కలిపి పంపుతున్నాను. రిజిస్టరు మొదటి పేజీలో ఎర్ర సిరాతో "ఒకటి కలపవలెను" అని రాసి ఉంది. ఆ మాట చెబితే వాళ్ళలో పెద్దాయన, "అవన్నీ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందమ్మా," అన్నాడు. ఆ సాఫ్ట్‌వేర్‌కి ఎవరు చెబుతారని అడిగేలోపు జీపు ఎక్కేశారు.

నువ్వు ఆ శాఖలోనే కదా ఉన్నావు. ఈ ఆర్డరు రాసిన మహానుభావుడెవరో కనుక్కుని, మా అక్క అడిగానని చెప్పమంది అను.

నీ మేనకోడలు పిచ్చుక నర్సు పరీక్ష పాసైంది. మావయ్య వాచీ కొనిపెడతానన్నాడు, గుర్తు చెయ్యమంది.

అక్క


శాఖ కార్యాలయం, నాలుగో అంతస్తు
జూన్ 17

అక్కకి,

నమస్కారాలు. ఆర్డరు రాసినవాడిని కనుక్కోమన్నావు. మా శాఖలో ఆర్డర్లు ఎవరూ రాయరక్కా. అవి పైనుంచి వస్తాయి. నాలుగో అంతస్తులో అడిగితే ఐదో అంతస్తు అంటారు. ఐదో అంతస్తు పైన ఉన్నది నీళ్ళ ట్యాంకు.

నా పని నీకు తెలిసిందే. మంత్రిగారు మాట్లాడబోయేది ముందు రాయడం, మాట్లాడాక అది నిజమేనని నివేదిక రాయడం. ఈ రెంటి మధ్యలో టీ తాగడం. నా కింద, అంటే మూడో అంతస్తులో, ముప్ఫై మంది శాస్త్రవేత్తలుండేవారు. ఇప్పుడు నలుగురు మిగిలారు. ఖాళీ అయిన హాల్లో వాతావరణ పరిశోధన మీద శాశ్వత ప్రదర్శన పెట్టారు. అందులో పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్తల మైనపు బొమ్మలున్నాయి. మైనం కరుగుతుందని బొమ్మలకి ఏసీ పెట్టారు. పక్కగదిలో నలుగురికీ కలిపి ఒక ఫ్యాను ఉంది. మొన్న ఉక్కపోతకి వాళ్ళు వచ్చి బొమ్మల మధ్య కూర్చుంటే, చూడ్డానికి వచ్చిన బడిపిల్లలు, "ఇవి కదులుతున్నాయి," అని టీచరుకి చెప్పారు.

మంచి సంగతి కూడా ఒకటి ఉంది. గేజి గది నమోదు చేస్తేనే లెక్క ప్రకారం వరద వచ్చినట్టు. గదులు తగ్గాయి కాబట్టి వచ్చే ఏడాది నివేదికలో వరదలు మూడో వంతుకి పడిపోతాయి. ఆ పేజీ ఇప్పుడే రాసి పెట్టుకున్నాను. ముందుచూపంటే అదీ.

నువ్వు దిగులుపడకు. ఇరవై రెండేళ్ళు మెట్లు ఎక్కి దిగావు. మోకాళ్ళకి కాస్త విశ్రాంతి అనుకో. పిచ్చుకకి వాచీ పార్సిల్లో పంపాను.

తమ్ముడు


పట్టణ కార్యాలయం, జనన మరణాల కౌంటరు
ఆగస్టు 11

తమ్ముడికి,

కొత్త కుర్చీలోంచి రాస్తున్నాను. నన్ను ఇక్కడ సర్దారు. ఊళ్ళో పుట్టినవాళ్ళని ఎడమవైపు రిజిస్టరులో, పోయినవాళ్ళని కుడివైపు రిజిస్టరులో రాయాలి. నది కన్నా సులువే. పుట్టినవాడికి ఒకటి కలపక్కర్లేదు.

రెండు వారాల కిందట ఒక మధ్యాహ్నం ఆఫీసులో అందరం టీవీ చూశాం. పచ్చగొడుగు పథకం కింద మొక్కలు నాటినందువల్ల మన నది ఒక మీటరు తగ్గిందని మంత్రిగారు ప్రకటించారు. ప్రపంచంలోనే మొదటిసారట. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, మా ఆఫీసరు వెంటనే లేచి చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. కొడుతూ కొడుతూ ఉండగా వెలిగింది. అది నా మీటరు. పెట్టె చూసినది చూసినట్టు పంపుతోంది. ఒకటి కలిపేవాళ్ళు లేరు. నది తగ్గలేదురా, నేను తప్పుకున్నాను, అంతే.

నవ్వు వచ్చింది. సాయంత్రానికి ఆ నవ్వు పోయింది. ఎందుకంటే నది తగ్గింది కాబట్టి ఒడ్డున పల్లపు వీధిని ముంపు పటం నుంచి తీసేశారు. అక్కడ ఇళ్ళు కట్టుకోవచ్చట. కొత్త ప్రసూతి ఆసుపత్రి కూడా అక్కడే కడతారట. అందులో వేసే నర్సుల జాబితాలో మన పిచ్చుక ఉంది.

పై ఆఫీసుకి పద్ధతి ప్రకారం ఉత్తరం రాశాను. "మీరు పేర్కొన్న గేజి గది ఉనికిలో లేనందున మీ ఫిర్యాదు పరిశీలించబడదు" అని తిప్పి పంపారు. కాబట్టి ఇది నీ నెత్తిన పడింది. ఆ అంకె సరిచేయించు.

ఇంకో మాట. నా గది మూసిన ఆర్డరు మళ్ళీ చదివాను. "మనిషి కన్ను అలసిపోతుంది, యంత్రం కన్ను అలసిపోదు" అని ఉంది అందులో. ఎనిమిదో తరగతిలో నీ వ్యాసాలు దిద్దింది నేను. ఆ వాక్యం ఎవరిదో ఐదో అంతస్తుని అడగక్కర్లేదు.

అక్క


శాఖ కార్యాలయం, నాలుగో అంతస్తు
సెప్టెంబరు 2

అక్కకి,

మూడు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. ఇది నాలుగోది.

అవును, నేనే రాశాను. నేను రాయకపోతే పక్క బల్లవాడు రాసేవాడు. వాడికి వాక్యం కుదరదు కాబట్టి ఇంకా ఘోరంగా ఉండేది. ఇది సమర్థింపు కాదని నాకు తెలుసు. అయినా రాస్తున్నాను. నలభై రెండు గదుల జాబితాలో నీది ఇరవై ఆరోది. చూశాను, చూసి పేజీ తిప్పాను. తీసేస్తే చుట్టరికం అంటారని భయపడ్డాను.

మీటరు సంగతి నువ్వు చెప్పాక మూడో అంతస్తుకి వెళ్ళాను. మిగిలిన నలుగురిలో ఒకావిడ పాత లెక్కలూ కొత్త లెక్కలూ పక్కపక్కన పెట్టి పది నిమిషాల్లో తేల్చింది. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. ఆ కాగితం పట్టుకుని మా అధికారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన శ్రద్ధగా చదివి, "ఇది సరిచేస్తే ఏమవుతుంది?" అన్నాడు.

"నది మళ్ళీ పాత మట్టానికి వస్తుంది సార్."

"అంటే నా సంతకంతో నది ఒక మీటరు పెరుగుతుంది. ముందున్నాయన హయాంలో తగ్గి నా హయాంలో పెరుగుతుంది. నీకు నా మీద ఏమైనా కోపమా?"

ఆ అంకె ఇప్పటికే విదేశీ సదస్సులో చదివారక్కా. శాఖ క్యాలెండరు మీద అచ్చయింది. నాకిచ్చిన ఫైళ్ళ అట్టల మీద కూడా ఉంది. నదిని ఒక మీటరు పెంచడం దేవుడికైనా సాధ్యమేమో గానీ అచ్చయిన క్యాలెండరుని మార్చడం మా శాఖలో ఎవరి తరమూ కాదు.

కొంచెం ఓపిక పట్టు. ఏదో ఒకటి చేస్తాను.

తమ్ముడు


పట్టణ కార్యాలయం, జనన మరణాల కౌంటరు
నవంబరు 20

తమ్ముడికి,

ఓపిక పట్టమన్నావు. పట్టాను. ఈలోగా పునాదులు తవ్వేశారు.

నిన్న భోజనాల వేళ వెళ్ళి చూశాను. మేస్త్రీ వార్డు గచ్చు ఎత్తుకి దారం కట్టాడు. మూడు మెట్లెక్కితే వార్డు. అక్కడే నిలబడి గుర్తు చేసుకున్నాను. పిచ్చుకకి ఐదేళ్ళప్పుడు వచ్చిన వరదలో, దాన్ని భుజం మీద ఎక్కించుకుని నేను సరిగ్గా ఆ చోటునే దాటాను. నీళ్ళు నా ఛాతీ దాకా ఉన్నాయి. ఆ దారం నా మోకాళ్ళ దగ్గరికి వస్తోంది. బాలింతల మంచాలు ఎంత ఎత్తుంటాయో నువ్వే లెక్క వేసుకో.

పల్లపు వీధిలో పదకొండు ఇళ్ళు లేస్తున్నాయి. ఒకటి మన దర్జీది. నీ పెళ్ళి సూటు కుట్టి, ఒక చెయ్యి పొట్టి చేసి, "బాబుగారు చెయ్యి ఊపకుండా ఉంటే తెలీదు" అన్నాడే, అతనిది. మంచంలో ఉన్న తల్లి, బిడ్డ కోసం మొక్కుకుంటున్న భార్య. పాత ఇంటి అద్దె వదిలి సొంత గోడలు లేపుకుంటున్నానని ఎంత సంబరపడుతున్నాడో.

నువ్వు నీళ్ళు నమలడం ఆపు. ఏదైనా చేస్తావా, లేక నేనే బజార్లో నిలబడి అరవనా?

అక్క


శాఖ కార్యాలయం, నాలుగో అంతస్తు
డిసెంబరు 9

అక్కకి,

అరవకు. పని అయిపోయింది. మెల్లగా చదువు, నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత చక్కటి నోటు రాయలేదు.

నదిని పెంచడం కుదరదని తేలిపోయింది కదా. మరి ఆసుపత్రిని పెంచితే? దానికి కారణం కావాలి. నీళ్ళు అనే మాట రాకూడదు. రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు ఇలా రాశాను: "ప్రస్తుత నమూనా ప్రకారం గౌరవ మంత్రివర్యుల శిలాఫలకం రోడ్డు మీద వెళ్ళేవారి చూపుకి ఆనదు. భవనాన్ని ఒక మీటరు ఎత్తు పెంచినచో వంతెన మీది బస్సుల్లో ప్రయాణించేవారికి సైతం ఫలకం స్పష్టంగా కనబడును."

నది గురించి నేను పెట్టిన ఫైలు మూడు నెలలైనా బల్ల దాటలేదు. ఇది మధ్యాహ్నం వెళ్ళి సాయంత్రానికి సంతకమై వచ్చింది. మంత్రిగారు మార్జిన్‌లో "మంచి ఆలోచన" అని సొంత చేత్తో రాశారు. మూడు మెట్లు తొమ్మిదవుతాయి. పిచ్చుక నిశ్చింతగా డ్యూటీ చేసుకోవచ్చు.

ఒక్కటే షరతు. ఈ మీటరు నీళ్ళ కోసమని ఎక్కడా, ఎవరితోనూ అనకు. ఆ వాసన తగిలిందంటే ఆర్డరు రద్దవుతుంది, ఆసుపత్రి మళ్ళీ కిందికి దిగుతుంది. కట్టడం పూర్తయ్యేదాకా నోటికి తాళం వేసుకో. నా మీద ఒట్టు.

తమ్ముడు


పట్టణ కార్యాలయం, జనన మరణాల కౌంటరు
జూలై 6

తమ్ముడికి,

ఆసుపత్రి తెరిచారు. తొమ్మిది మెట్లు. నిండు చూలాళ్ళు ఒక్కో మెట్టుకీ ఒక్కో తిట్టు తిట్టుకుంటూ ఎక్కుతున్నారు. ఆ తిట్లన్నీ నీ ఖాతాలోవే, తీసుకో. ఫలకం మాత్రం నిజంగానే బస్సులోంచి కనబడుతోంది. మంత్రిగారు రిబ్బను కోసి, అటూ ఇటూ చూసి, "ఎత్తు బాగుంది," అన్నారు. నేను జనంలో నిలబడి నవ్వాపుకోలేక దగ్గాను.

పిచ్చుక చేరింది. తెల్ల బట్టల్లో దాన్ని చూస్తే ఎవరి పిల్లో అనిపించింది. నువ్వు చేసింది దొంగపనే అయినా, నా కడుపు చల్లబడింది. ఆ మాట చెప్పకపోతే నేను మనిషినే కాదు.

నోటికి తాళం అలాగే ఉంది. జనాలు అడుగుతూనే ఉంటారు, ఇరవై రెండేళ్ళు నదిని చూసినదాన్ని కదా. దర్జీ కూడా ఇంటి ఎత్తు గురించి ఏదో అడిగాడు. ఏదో చెప్పాను.

అక్క


శాఖ కార్యాలయం, నాలుగో అంతస్తు
సెప్టెంబరు 18

అక్కా,

ఎగువన మూడు రోజులుగా కుండపోత అంటున్నారు. మీ ఊరికి ఫోన్లు కలవడం లేదు. పిచ్చుక ఫోను మోగదు, నీదీ అంతే.

ఇక్కడ గోడ మీద పెద్ద తెర ఉంది. అందులో మన నది రెండు మీటర్ల నలభై దగ్గర ఉంది. నిన్నా అంతే, మొన్నా అంతే. ఒక్క సెంటీమీటరు కదల్లేదు. మా అధికారి, "చూశావా, ఎంత నిలకడగా ఉందో," అంటున్నాడు. మూడో అంతస్తు ఆవిడ వచ్చి చూసి, "నది అలా ఉండదు, పెట్టె బ్యాటరీ పోయి ఉంటుంది," అంది. బ్యాటరీలు మార్చే మనిషి పోస్టు మార్చిలోనే తీసేశారు. ఆ నోటు కూడా ఎవరు రాశారో నువ్వు అడక్కు.

ఇది అందగానే ఒక్క ముక్క రాయి. మీరిద్దరూ ఎలా ఉన్నారు?

తమ్ముడు


ప్రసూతి ఆసుపత్రి, పై వరండా
సెప్టెంబరు 20

తమ్ముడికి,

నేనూ పిచ్చుకా బాగున్నాం. వార్డులో పదమూడు మంది తల్లులు, పన్నెండు మంది బిడ్డలు, ఇంకొకడు దారిలో ఉన్నాడు. అందరూ క్షేమం. నీళ్ళు ఏడో మెట్టు మీద నిలిచాయి. వార్డులోకి చుక్క రాలేదు.

మిగతాది తర్వాత రాస్తాను.

అక్క


శాఖ కార్యాలయం, నాలుగో అంతస్తు
సెప్టెంబరు 29

అక్కకి,

నీ చీటీ చదివి బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. పక్క బల్లవాడు ప్రమోషన్ వచ్చిందేమో అనుకుని చెయ్యి కలిపాడు.

అతను మరీ తప్పుగా అనుకోలేదు, విను. ఆసుపత్రి చుట్టూ నీళ్ళు, మధ్యలో అది పొడిగా నిలబడ్డ ఫోటో పత్రికల్లో వచ్చింది. వరద గురించి మాత్రం శాఖకి తెలియదు, ఎందుకంటే తెర మీద నది రెండు నలభై దగ్గరే ఉంది. కాబట్టి అది వరద కాదు, స్థానికంగా నీరు నిలవడం. కానీ ఆ ఆసుపత్రి మాత్రం ముందుచూపుకి ఆదర్శం. దానికి జాతీయ పురస్కారం ఇస్తున్నారు. ఫారం నా బల్ల మీదికే వచ్చింది. "భవనం ఎత్తు ఒక మీటరు పెంచుటకు కారణం, వంద మాటలకు మించకుండా" అని ఒక గడి ఉంది. మంత్రిగారి దూరదృష్టి అని రాసి ఇస్తే, నన్ను సహాయ కార్యదర్శిని చేస్తారని మా అధికారి చెవిలో ఊదాడు. ఊరక రారు మహాత్ములు అన్నట్టు స్వయంగా నా బల్ల దాకా వచ్చి మరీ ఊదాడు.

వంద మాటల్లో నీకో పది మాటల వాటా ఇస్తాను. ఏం రాయమంటావు? మన ఇద్దరి గుట్టు గట్టెక్కించింది కదా, కాస్త నవ్వు.

తమ్ముడు


పట్టణ కార్యాలయం, జనన మరణాల కౌంటరు
అక్టోబరు 8

తమ్ముడికి,

నవ్వమన్నావు. నీ ఉత్తరం చదివి మడిచి సొరుగులో పెట్టి, మూడు రోజుల తర్వాత మళ్ళీ తీశాను. నీ తప్పేం లేదు. నేను చెప్పలేదు కాబట్టి నీకు తెలియదు.

జూలైలో దర్జీ అడిగాడని రాశాను. ఏం అడిగాడో, నేనేం చెప్పానో రాయలేదు. ఈ కౌంటరు దగ్గరే నిలబడి, "అక్కా, ఆసుపత్రిని అంత ఎత్తు లేపారు, నేను కూడా ఇంటి నేల వేసేముందు ఓ నాలుగు మెట్లు లేపుకోనా? నదిని చూసిన కన్ను నీది, నువ్వు చెప్పు," అన్నాడు. నీ ఒట్టు గుర్తొచ్చింది. ఆసుపత్రి తెరవడానికి ఇంకా నాలుగు రోజులుంది. "ఎత్తు లేపుకుంటే గాలి బాగా వస్తుంది," అన్నాను. అతను నవ్వి, "గాలికైతే కిటికీ చాలక్కా," అని వెళ్ళిపోయాడు. ఆసుపత్రి తెరిచాకైనా వెనక్కి పిలిచి చెప్పాల్సింది. ఒట్టు తీరిపోయింది కదా. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ సెప్టెంబరు దాకా వచ్చాను. చెబితే ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతాడని సిగ్గేసింది. అంతకు మించి ఏ కారణమూ లేదు.

వరద వచ్చిన రోజు పొద్దున ఎనిమిదింటికి అలవాటు కొద్దీ వంతెన మీదికి వెళ్ళాను. నీళ్ళు ఒడ్డు అంచుకి వచ్చేశాయి. పల్లపు వీధిలోకి పరిగెత్తి ప్రతి తలుపూ బాదాను. కొందరు వచ్చారు. ఎక్కువమంది రాలేదు. "నది తగ్గిందని ప్రభుత్వమే చెప్పింది కదమ్మా, నువ్వు కూడా ఏనాడూ కాదనలేదు," అన్నారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లో శాఖ పంపిన పాత మెసేజీ తీసి చూపించారు కూడా. రెండు మీటర్ల నలభై. నా మాట కన్నా ఆ అంకె నమ్మారంటే తప్పు వాళ్ళది కాదు. ఏడాదిపాటు ఆ అంకె మాట్లాడింది, నేను ఊరుకున్నాను.

దర్జీ భార్య అంతకు రెండు రోజుల ముందే, పిచ్చుక చేతుల మీదుగా ప్రసవమై, ఆ తొమ్మిది మెట్లూ దిగి ఇంటికి వెళ్ళింది. పొడిగా ఉన్న చోటునుంచి పల్లంలోకి మనమే దించి పంపాం. పదింటికల్లా ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. దర్జీ ముందు భార్యనీ బిడ్డనీ పక్కింటి డాబా ఎక్కించాడు. తల్లి కోసం తిరిగి వచ్చేసరికి నీళ్ళు మంచం దాటిపోయాయి. ఆవిడ నడవలేదు కదా.

మూడోరోజు అతను ఈ కౌంటరు దగ్గరికే వచ్చాడు. ఒక చేతిలో బిడ్డ కాగితం, ఇంకో చేతిలో తల్లి కాగితం. ఎడమ రిజిస్టరులో రాశాను. కుడి రిజిస్టరు తెరిచాను. మరణానికి కారణం అని ఒక గడి ఉంటుంది. నేను "వరద నీరు" అని మొదలుపెడుతుంటే మా ఆఫీసరు వెనకనుంచి వంగి చూసి, "వృద్ధాప్యం అని రాయమ్మా. రికార్డులో వరద లేదు. లేని వరదలో ఎవరూ పోరు," అన్నాడు. ఎంత సౌమ్యంగా అన్నాడనుకున్నావు.

అప్పుడు దర్జీ నా వైపు చూసి అడిగాడు. "అక్కా, నీకు ముందే తెలుసా?"

నేను తల దించుకుని కూడా తప్పించుకోలేకపోయాను. "తెలుసు," అన్నాను. అతను తిట్టలేదు. తిడితే బాగుండేది. బిడ్డ కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని, తల్లి కాగితం కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు. నేను "వరద నీరు" అనే రాశాను. కింద సంతకం పెట్టి, తేదీ వేసి ఇచ్చాను. నా మీద మెమో తయారవుతోంది. కానియ్యి.

పదమూడు మంది తల్లుల్ని కాపాడావు, అది చిన్న పని కాదు. దాన్ని ఎవరూ నీనుంచి తీసుకోలేరు. కానీ ఒక మీటరుని గుట్టుగా దాచి మనవాళ్ళ కింద పెట్టుకున్నాం. వీధిలో మిగతావాళ్ళకి దాని సంగతి చెప్పలేదు. నువ్వు మంత్రికి భయపడ్డావు. నేను నీ ఆర్డరు రద్దవుతుందని భయపడ్డాను, ఆ తర్వాత నా మొహానికే భయపడ్డాను.

నీ గడిలో ఏం రాయాలో నన్నడక్కు. నీ వ్యాసాలు దిద్దడం నేను ఎప్పుడో మానేశాను.

అక్క


శాఖ కార్యాలయం, నాలుగో అంతస్తు
అక్టోబరు 15

అక్కకి,

ఫారం నింపి పంపాను. నకలు ఇక్కడ రాస్తున్నాను. వంద మాటలు పట్టలేదు.

"భవనం ఎత్తు ఒక మీటరు పెంచుటకు కారణం: నది తగ్గలేదు. గేజి గదిని మూసి, కలపవలసిన ఒక మీటరుని కలపకపోవడం వల్ల తగ్గినట్టు కనబడింది. గదుల మూసివేత ఆర్డరు రాసింది నేను. అంకె తప్పని గత ఏడాది సెప్టెంబరులోనే నాకు తెలుసు. ఆసుపత్రి ఒక్కదానికే ఎత్తు పెంచి, అబద్ధపు కారణం రాశాను. పల్లపు వీధివారికి చెప్పలేదు, చెప్పబోయినవారిని ఆపాను. అక్కడ ఒకరు చనిపోయారు." కింద నా పేరూ హోదా రాసి సంతకం పెట్టాను. ఒక నకలు మూడో అంతస్తు ఆవిడకి ఇచ్చాను, లెక్కల కాగితం జోడించి ఆవిడ పత్రికకి పంపుతుంది.

మా అధికారి చదివి, "ఇలా రాస్తే పురస్కారం రాదయ్యా," అన్నాడు. అతని బాధ నిజమైన బాధ. రేపటినుంచి ఈ బల్ల నాది కాకపోవచ్చు. పక్క బల్లవాడు అప్పుడే నా కుర్చీ ఎత్తు సరిచూసుకున్నాడు.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. నువ్వు స్టాండు దగ్గర ఉండు. దర్జీ ఇంటికి వెళ్ళాలి. గుమ్మం దాకా నాతో రా అక్కా, లోపలికి నేనే వెళ్తాను. అతను అడగబోయేది నాకు తెలుసు, నేను చెప్పాల్సిందీ తెలుసు. కానీ ఇంతవరకు నేను రాసినవన్నీ ఇంకొకరు చదివేవారు. ఒక మనిషి ముందు నిలబడి నా నోటితో నేను చెప్పడం నాకు అలవాటు లేదు.

తమ్ముడు